బ్రౌను దొర – మన కలగలుపు మాటలు

తెలుగు చదువుకొన్న ప్రతివారికి బ్రౌను దొర పేరు తెలిసినదే. ఆయన నిఘంటువును గురించి, వేమన పద్యాలకు ఆయన చేసిన సేవను గురించి పెద్దలు చాలా రాసినారు. మెట్రిక్ దాటని మాబోటి రైల్వే గుమాస్తా కొత్తగా చెప్పగలిగేది అంతగా లేదు. అయినా యీ ఉగాది సంచికకు ఆయన కథనే ఎంచుకోవడానికి ఒక కారణం వున్నది.

పోయిన వేసవిలో కోస్తా వైపునుంచి బంధువులు చిక్కబళ్ళాపురంలోని మా యింటికి వచ్చినారు. మా చిన్నమ్మాయి వారి దగ్గరకు పోయి, హాలు తాగుతారా అని అడిగింది. అందరూ పకపకా నవ్వినారు. మీది తెలుగా కన్నడమా అన్నారు. వారున్న నాలుగు రోజులూ పిల్ల మళ్ళీ నోరు విప్పలేదు. మాకూ తల కొట్టేసినట్లయింది. బాగేపల్లి, చింతామణి తాలూకాలలో ఇంట తెలుగు, బడిలో కన్నడం అయిన ప్రతి కుటుంబానికీ యిటువంటి అనుభవం వుండే వుంటుంది. బంధువులు వెళ్ళినాక మేము బ్రౌను దొర చరిత్ర మళ్ళీ తీసి చదివినాము.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టినారు. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతబోధకుడు, పండితుడు. హీబ్రూ మొదలుగా కొన్ని తూర్పు భాషలకు కొడుకు చేత చిన్ననాడే ఓనమాలు దిద్దించినాడు. 1812లో తండ్రి పోయినాడు. కుటుంబం ఇంగ్లండు చేరింది. అక్కడ కంపెనీ కొలువుకు కావలసిన చదువు ముగించుకొని, 1817లో బ్రౌను మద్రాసులో దిగి, సెంట్ జార్జి కోట కాలేజీలో తెలుగు అక్షరాలు దిద్దినారు.

ఆ కాలేజీని గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. దాన్ని 1812లో నెలకొల్పినవారిలో ముఖ్యుడు ఎల్లిస్ దొర. 1816లో కాంప్‌బెల్ దొర తెలుగు వ్యాకరణం అచ్చయినప్పుడు దాని ముందుభాగంలో ఎల్లిస్ ఒక వ్యాసం రాసినాడు. తెలుగు, కన్నడం, తమిళం మాటలను పక్కపక్కన పేర్చి, యీ భాషలు సంస్కృతంనుంచి పుట్టినవి కావు, ఒక తల్లి బిడ్డలని చూపినాడు.

అది చదివితే మా అమ్మాయి తప్పేమిటో మాకు బోధపడలేదు! పాత కన్నడంలో పాలను పాల్ అనే అనేవారు. తరువాత వారి నోట మాట మొదటి పకారం హకారమైపోయింది. మన పులి వారి హులి, మన పాము వారి హావు, మన పాలు వారి హాలు. బాగేపల్లిలోని పల్లి, దేవనహళ్ళిలోని హళ్ళి ఒకటే మాట. పిల్ల పరాయి మాట ఆడలేదు, పినతల్లి మాట ఆడింది.

1820లో బ్రౌనుకు కడపలో ఉద్యోగమైనది. కడప మనకు దూరం కాదు. చింతామణినుంచి మదనపల్లె, రాయచోటి మీదుగా పోయే దారే. కచేరీకి వచ్చే రైతు మాట ఒకటి, రికార్డులలో మాట ఒకటి, పండితుల కావ్యాల మాట మరొకటి. ఆయన మూడింటినీ పట్టుకొన్నారు. కడపలో బంగళా కొని, జూలూరి అప్పయ్య మొదలైన పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, చెదలు తినే తాటాకు గ్రంథాలకు నకళ్ళు రాయించినారు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించినారు. యీ పనులకు అప్పులు కూడా చేసినారు.

1832–33లో గుంటూరు సీమలో జనం ఆకలితో మాడినారు. పైఅధికారులు కాగితాలలో కొరత అనే మెత్తని మాట కోరితే, అక్కడ కొలువులో వున్న బ్రౌను కరువు అనే రాసినారు. ఒక మాట విలువ యెంతటిదో ఆయనకు తెలుసు. 1834లో ఆయన కొలువు పోయింది. లండనుకు వెళ్ళి కూడా ఊరక కూర్చోలేదు. ఇండియా హౌసులో మూలబడిన దక్షిణదేశపు రాతప్రతులు 2,000కు పైగా బయటికి తీసినారు. 1837లో పారశీ అనువాదకుడుగా తిరిగి మద్రాసు వచ్చినారు.

1852లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. అయితే మాకు ముఖ్యమైనది 1854 నాటి చిన్న పుస్తకం: తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు, మిశ్రభాషకు వేరే ఒక నిఘంటువు. వాటిని చెత్త అని ఊడ్చివేయక, జనం వాడేవి గనుక పోగుచేసి అర్థం రాసినారు.

ఆ దృష్టితో మా బల్లమీది మాటలే చూడండి. గుమాస్తా పారశీ మాట, నియమింపబడినవాడని అర్థం. సరుకు అందినప్పుడు మేము రాసే రసీదుకు పారశీలో మూలార్థం, చేరినది అని. దరఖాస్తు అంటే కోరిక. అరబ్బీలో జిల్లాకు మూలమైన మాటకు పక్కటెముక అని, ప్రక్క అని అర్థాలు. బాకీ అంటే మిగిలినది. తాలూకా అంటే సంబంధం. ఫలానా వారి తాలూకు మనిషి అనే మాటా అదే. చొక్కా బొత్తాం, పెరటి బొప్పాయి పోర్చుగీసు ఓడల వెంట వచ్చినవి. మా బంధువులు బండి దిగినది మొదలు యీ మాటలన్నీ వాడినారు, యెవరూ నవ్వలేదు. దూరదేశపు మాటలు తెలుగైపోయినప్పుడు పక్కింటి మాటకు సిగ్గెందుకు?

బ్రౌను 1855లో ఇంగ్లండు వెళ్ళి, తరువాత లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులైనారు. పెండ్లి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న లండనులో కన్ను మూసినారు. కడపలో ఆయన బంగళా వుండినచోట నేడు ఆయన పేరిట గ్రంథాలయం వున్నది.

పిల్లలకు పాలూ నేర్పుదాము, హాలూ నేర్పుదాము. రెండూ ఒకటేనని కూడా చెప్పుదాము. నవ్వితే పిల్ల నోరు మూతపడుతుంది. మూతపడిన నోట యే భాషా బ్రతకదు. మనం ఉగాది అంటాము, పక్కింటివారు యుగాది అంటారు. వేపపువ్వు, బెల్లం ఇరువురికీ ఒకటే. పాఠకులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.