ప్లీడరు నుంచి బారిష్టరు దాకా: ప్రకాశం పంతులు గారి చదువు

టంగుటూరి ప్రకాశం పంతులు గారిని ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రిగా అందరం ఎరుగుదుం. లా చదవాలనుకునే మన పిల్లలు ఆయన జీవితంలో తెలుసుకోవలసింది మరొకటి ఉంది.

ఆయన 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ గారు పూటకూళ్ళ ఇల్లు నడిపి బిడ్డల్ని పెంచారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు చేరదీసి, రాజమండ్రి తీసుకెళ్ళి చదివించారు.

ప్రకాశం గారు సెకండు గ్రేడు ప్లీడరై రాజమండ్రిలో బాగా సంపాదించారు, మునిసిపల్ చైర్మన్ కూడా అయ్యారు. అయితే ఆ రోజుల్లో వకీళ్ళలో తరగతులుండేవి. సెకండు గ్రేడు వారికి కింది కోర్టులే గతి. హైకోర్టులో వాదించే హక్కు లేదు. తెలివి ఉన్నా పట్టా అడ్డమొచ్చింది. మద్రాసులో ఒక బారిష్టరు ఆయన వాదన విని మెచ్చుకుని, బారిష్టరు చదవమని సలహా ఇచ్చారు. ముప్ఫై దాటిన వయసులో, 1904లో, ఇంగ్లండు వెళ్ళారు. 1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో పేరు మోశారు. 1921లో దేశం కోసం ఆ ప్రాక్టీసే వదులుకుని స్వరాజ్య పత్రిక పెట్టారు. జమీందారీల విచారణ సంఘానికి అధ్యక్షులైనప్పుడు రైతు పక్షాన నిలవడానికి ఆ చట్టజ్ఞానమే అక్కరకొచ్చింది. 1957 మే 20న కన్నుమూశారు.

1961 అడ్వకేట్ల చట్టం వచ్చాక ఆ గ్రేడులు పోయాయి. ఇంటరు తర్వాత అయిదేళ్ళు చదివినా, డిగ్రీ తర్వాత మూడేళ్ళు చదివినా హక్కు ఒకటే. మన రాష్ట్రంలో రెంటికీ లాసెట్ రాయాలి. జాతీయ లా యూనివర్సిటీలకు క్లాట్ ఉంది. పట్టా చేతికొచ్చాక బార్ కౌన్సిల్‌లో నమోదై, అఖిల భారత బార్ పరీక్ష పాసవ్వాలి. పోస్టులో చదివిన లా పట్టాతో మాత్రం నల్లకోటు రాదు. ఫీజు కట్టే ముందే, కాలేజీకి బార్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో తల్లిదండ్రులు విచారించుకోవాలి.

ఇక ఏ శాఖ పట్టాలన్నది తర్వాతి మాట. సివిలు, క్రిమినలే కాదు. పన్నులు, కార్మిక చట్టం, కుటుంబ వ్యవహారాలు కూడా ఉన్నాయి. మన పెదవేగి, ఏలూరు వైపు భూమి తగాదాలు, కొల్లేరు చెరువుల వివాదాలు, వక్ఫు ఆస్తుల కేసులు చూసే మంచి వకీళ్ళ అవసరం ఎంతైనా ఉంది. మన అబ్బాయిలే కాదు, అమ్మాయిలు కూడా ఈ దారి పట్టాలి. ప్రకాశం గారికి అడ్డుపడిన గోడ ఇప్పుడు లేదు. వాకిలి ఏదో తెలుసుకుని నడవడమే మిగిలింది.