అబ్దుల్ హమీద్ – నేను తప్పుగా చెప్పిన కథ

1981 ఆగస్టు 15. మన బడి ఆవరణలో జెండా వందనం అయ్యాక వక్తృత్వ పోటీ జరిగింది. నేను ఎనిమిదో తరగతి. దేశం కోసం ప్రాణాలిచ్చిన వీరుడి గురించి మాట్లాడమన్నారు. అందరూ అల్లూరి సీతారామరాజునో, భగత్ సింగ్‌నో ఎంచుకుంటారని నేను అబ్దుల్ హమీద్‌ను ఎంచుకున్నాను. మా వీధి అరుగు మీద పెద్దవాళ్లు చెప్పుకోగా విన్న కథ అది. పాకిస్తాన్ ట్యాంకులు వరసగా వస్తుంటే హమీద్ గుండెలకు బాంబులు కట్టుకుని, ఒక ట్యాంకు కింద పడుకుని, దాన్ని పేల్చి తానూ పోయాడని చేతులు ఊపుతూ చెప్పాను. చప్పట్లు మోగాయి. మొదటి బహుమతిగా పేరు కొట్టించిన స్టీలు గ్లాసు ఇచ్చారు. ఆ గ్లాసు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

మర్నాడు ఫిజికల్ సైన్స్ మాస్టారు నన్ను ల్యాబుకు పిలిచారు. తిట్టలేదు. ఒక బెలూను ఊది, మూతి కట్టకుండా వదిలేశారు. గాలి వెనక్కి, బెలూను ముందుకు. న్యూటన్ మూడో నియమం అక్కడే గుర్తుచేసి, హమీద్ దగ్గర ఉన్నది ఈ సూత్రాన్నే వాడుకున్న ఫిరంగి అనీ, అలాంటి ఫిరంగి చేతిలో ఉన్న మనిషి ట్యాంకు కింద ఎందుకు పడుకుంటాడో కనుక్కుని వచ్చి చెప్పమనీ అన్నారు. నేను కనుక్కోలేదు. పరీక్షలొచ్చాయి, పదో తరగతి అయిపోయింది, ఊరు వదిలేశాను. ఈ స్వర్ణోత్సవ సంచిక పుణ్యమా అని, నలభై ఏళ్లు దాటిన ఆ హోంవర్కును ఇప్పుడు అప్పగిస్తున్నాను. తీసుకోవడానికి మాస్టారు లేరు. ఆయన దగ్గర చదువుకున్న మీరంతా ఉన్నారు.

అబ్దుల్ హమీద్ 1933 జులై 1న ఉత్తరప్రదేశ్‌లోని ఘాజీపూర్ జిల్లా ధాముపూర్ గ్రామంలో పుట్టారు. తండ్రి మహమ్మద్ ఉస్మాన్ దర్జీ, తల్లి సకీనా బేగం. ఇంట్లో కుట్టుపనే ఆధారం కాబట్టి కొడుకు కూడా మిషను దగ్గర కూర్చున్నాడు. కానీ మనసంతా కుస్తీ మీద, కర్రసాము మీద, గురి చూసి కొట్టడం మీద ఉండేది. 1954 డిసెంబరు చివర్లో సైన్యంలో చేరారు. నసీరాబాద్‌లోని గ్రెనేడియర్స్ కేంద్రంలో శిక్షణ పొంది నాలుగో గ్రెనేడియర్స్ బెటాలియన్‌కు వెళ్లారు. చివరిదాకా అదే ఆయన పటాలం.

1962 చైనా యుద్ధంలో ఆ పటాలం ఈశాన్య సరిహద్దులో, నామ్‌కా చూ నది దగ్గర ఉంది. సరిపడా చలి దుస్తులు లేవు, మందుగుండు లేదు, వెనకనుంచి సాయం అందే దారి లేదు. ఆ పటాలానికి చెందిన యువ అధికారి సెకండ్ లెఫ్టినెంట్ జి.వి.పి. రావు అక్కడే పోరాడి మరణించారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. చుట్టుముట్టిన శత్రువు మధ్యనుంచి బయటపడిన గ్రెనేడియర్లు భూటాన్ కొండల మీదుగా నడిచి అస్సాంలోని మిసామారీ చేరారు. వాళ్లలో హమీద్ ఒకరు. ఓడిపోయి కాలినడకన తిరిగొచ్చిన మనిషే మూడేళ్ల తర్వాత ఖేమ్‌కరణ్ పొలాల్లో నిలబడ్డాడన్నది నేను చిన్నప్పుడు విన్న కథలో లేదు.

ఆ తర్వాత ఆయన కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అయ్యారు. అంటే తన కంపెనీకి రేషను, బట్టలు, సామాన్లు అందేలా చూసి లెక్కలు రాసే ఉద్యోగం. మన భాషలో స్టోర్స్ చూసే మనిషి. అయితే అంతకు ముందు అయిదేళ్లపాటు ట్యాంకులను కొట్టే విభాగంలో పనిచేశారు. పటాలంలో 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ గన్‌తో ఆయనంత గురిగా కొట్టేవాళ్లు లేరని పేరు. అందుకే 1965 యుద్ధం ముంచుకొచ్చినప్పుడు రిజిస్టర్లు పక్కన పెట్టించి మళ్లీ ఆ గన్ల ప్లటూను ఆయనకే అప్పజెప్పారు.

ఇక్కడ మాస్టారి బెలూను దగ్గరకు వద్దాం. మామూలు ఫిరంగి పేలితే గుండు ముందుకు వెళుతుంది, ఫిరంగి వెనక్కి తన్నుతుంది. ఆ తన్నును ఆపడానికి బరువైన చట్రం, స్ప్రింగులు, నూనె సిలిండర్లు కావాలి. రీకాయిల్‌లెస్ గన్‌లో వెనక భాగాన్ని మూసెయ్యరు. మందు మండిన వాయువుల్లో చాలా భాగాన్ని వెనక్కి పోనిస్తారు. ముందుకు పోయే గుండు ఊపు, వెనక్కి పోయే వాయువుల ఊపు సరిపోతాయి, గొట్టం కదలకుండా ఉంటుంది. అందుకే దాదాపు 200 కిలోల గన్‌ను మామూలు జీపు మీద బిగించేయవచ్చు. దాని గుండు దాదాపు 400 మిల్లీమీటర్ల ఉక్కును తొలుచుకుపోగలదు. గొట్టం పైన ఒక సన్న తుపాకీ ఉంటుంది. ముందు దానితో గుర్తు తూటా కాల్చి, అది లక్ష్యం మీద మెరిస్తే అప్పుడు అసలు గుండు వదులుతారు.

ఏ యంత్రమూ ఏదీ ఊరికే ఇవ్వదని మన వృత్తిలో మొదట నేర్చుకునే పాఠం. తన్ను లేకుండా చేసినందుకు ఈ గన్ తీసుకునే మూల్యం వెనకనుంచి లేచే మంట, పొగ, దుమ్ము. ఒక్కసారి పేలిస్తే ఎక్కడున్నామో శత్రువుకు చెప్పేసినట్టే. పైగా జీపుకు కవచం ఉండదు, రేకు మాత్రమే. ఎదురుగా సుమారు 45 టన్నుల ప్యాటన్ ట్యాంకు. కాబట్టి ఈ గన్ పట్టినవాడు చెయ్యాల్సింది ఒక్కటే. దాక్కోవాలి, దగ్గరకు రానివ్వాలి, కొట్టాలి, ఆ క్షణమే చోటు మార్చాలి. రెండోసారి అక్కడినుంచే కొట్టాలనుకోవడమంటే చావును పిలవడమే.

1965 సెప్టెంబరులో పాకిస్తాన్ తన మొదటి సాయుధ డివిజన్‌ను ఖేమ్‌కరణ్ వైపు నడిపింది. మన నాలుగో పర్వత డివిజన్ వెనక్కి జరిగి, అసల్ ఉత్తర్ అనే ఊరి చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో రక్షణ వరస ఏర్పాటు చేసుకుంది. కాలువ నీళ్లు పొలాల్లోకి వదిలారు. చెరుకు తోటల చాటున మన ట్యాంకులు, గన్లు కాచుకున్నాయి. ఆ ట్యాంకుల్లో కొన్ని డెక్కన్ హార్స్ రెజిమెంటువి. నిజాం రాజ్యపు హైదరాబాద్ కంటింజెంట్ గుర్రపు దళాల వారసత్వం ఆ రెజిమెంటుది. సెప్టెంబరు 8 నుంచి 10 వరకు అక్కడ జరిగిన యుద్ధంలో భారత్ లెక్క ప్రకారం పాకిస్తాన్ 97 ట్యాంకులు పోగొట్టుకుంది. అసల్ ఉత్తర్ అన్న పేరు వింటే తెలుగువాడికి కూడా వేరే అర్థం చెప్పనక్కర్లేదు. అసలైన జవాబు.

నాలుగో గ్రెనేడియర్స్ చీమా గ్రామం దగ్గర కందకాలు తవ్వుకుని ఉంది. సెప్టెంబరు 10 ఉదయం ఎనిమిది గంటలకు ఒక ట్యాంకుల రెజిమెంటు వాళ్ల మీదికి వచ్చింది. ముందు ఫిరంగి గుళ్ల వాన, వెనక ట్యాంకులు. తొమ్మిదికల్లా ట్యాంకులు ముందున్న కంపెనీల స్థావరాల్లోకి చొరబడ్డాయి. పరిస్థితి చూసిన హమీద్ తన జీపును పక్కవైపుకు తీసుకెళ్లారు. గుళ్లు పడుతూనే ఉన్నాయి. మొదటి ట్యాంకును కొట్టారు. చోటు మార్చారు. ఇంకోదాన్ని కొట్టారు. అప్పటికి శత్రువు ఆయన్ని చూసేశాడు. మెషిన్‌గన్లు, ఫిరంగులు ఆ ఒక్క జీపు మీదికి తిరిగాయి. ఆయన గన్ ఆపలేదు. ఒక గుండు వచ్చి తగిలేదాకా కాలుస్తూనే ఉన్నారు. అప్పటికి ఆయన వయసు 32 ఏళ్లు. ఇంట్లో భార్య రసూలన్ బీబీ, నలుగురు కొడుకులు, ఒక కూతురు.

గుండెలకు బాంబులు కట్టుకోలేదు. ట్యాంకు కింద పడుకోలేదు. చావడానికి వెళ్లలేదు. తనకు బాగా వచ్చిన పనిని చివరి నిమిషం వరకు బాగా చెయ్యడానికి వెళ్లారు. నేను వేదిక మీద చెప్పిన కథలో ధైర్యం మిగిలింది, నేర్పు పోయింది. అయిదేళ్ల అభ్యాసం, దూరం అంచనా కట్టే కన్ను, ఎప్పుడు జరగాలో తెలిసిన బుర్ర, ఇవన్నీ తీసేసి ఆయన్ని ఒక మోపెడు మందుగుండుగా మార్చేశాను. నాకు చప్పట్లు కొట్టారు గానీ, ఆయనకు జరిగింది అన్యాయమే.

ఇక పతకాల సంగతి. యుద్ధం ఇంకా ఆగకముందే, సెప్టెంబరు 16న ఆయనకు పరమవీర చక్ర ప్రకటించారు. అదే రోజున మరో రంగంలో లెఫ్టినెంట్ కల్నల్ తారాపూర్ మరణించారు. ఆ యుద్ధంలో రెండో పరమవీర చక్ర ఆయనదే. సైనికుడిగా తారాపూర్ తొలి ఏళ్లు హైదరాబాద్ సంస్థానపు సైన్యంలో గడిచాయి. 1966 జనవరి 26న ఢిల్లీలో హమీద్ పతకాన్ని రసూలన్ బీబీ చేతిలో పెట్టినవారు రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్, ఒకప్పుడు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా పనిచేసిన పెద్దాయన.

ఆ పతకం చూడటానికి చిన్నది. కంచు బిళ్ల, ముప్పావు అంగుళానికి రెట్టింపు కన్నా తక్కువ వెడల్పు, ఊదారంగు రిబ్బను. స్విట్జర్లాండ్ మూలాలుండి, భారత సైనికాధికారిని పెళ్లాడి ఇక్కడి మనిషైపోయిన సావిత్రీ ఖానోల్కర్ దాని రూపకర్త. నడుమ మూడు సింహాల చిహ్నం, చుట్టూ నాలుగు వజ్రాయుధాలు. దధీచి తన ఎముకలిస్తే ఇంద్రుడికి వజ్రాయుధం దొరికిందన్న కథ మనకు తెలిసిందే.

హమీద్ పేరు మీద ఇంకో మూడు పతకాలున్నాయి. సైన్య సేవా పతకం, సమర్ సేవా పతకం, రక్షా పతకం. ఇవి ఒక్కడికి ప్రత్యేకంగా ఇచ్చేవి కావు. కఠినమైన ప్రాంతాల్లో పనిచేసినవారికి, ఆ యుద్ధకాలంలో విధుల్లో ఉన్నవారికి ఇచ్చేవి. పక్క కందకంలో ఉన్న పేరు తెలియని సిపాయికీ వచ్చి ఉంటాయి. నాకు ఆ నాలుగింటినీ కలిపి చూడటం ఇష్టం. ఒకటి ఆయన ఒక్కడే చేసినదానికి, మూడు అందరితో కలిసి ఉన్నందుకు.

ఆయన ఎన్ని ట్యాంకులు కొట్టారన్న దానిమీద కథనాలు ఒక మాట మీద లేవు. నాలుగని, ఏడని, ఎనిమిదని చెబుతారు. మూడు రోజులదీ కలిపి చెప్పేవారు కొందరు, ఒక్కరోజుదే చెప్పేవారు కొందరు. ఇంజనీరును కాబట్టి ఈ లెక్క తేలకపోవడం నన్ను చాలా రోజులు గుచ్చింది. చివరికి పరమవీర చక్ర ప్రశంసాపత్రాన్ని నెమ్మదిగా చదివాక ఆ ముల్లు పోయింది. అందులో పెద్ద అంకెలు లేవు. పదో తేదీ ఉదయం ఏ గంటకు ఏం జరిగిందో, ఒకటి కొట్టి, చోటు మారి, రెండోది కొట్టి, శత్రువు చూశాక కూడా ఎలా ఆగలేదో వరసగా ఉంది. పతకం ట్యాంకుల సంఖ్యకు కాదు, తనను చూసేశారని తెలిశాక కూడా గన్ దగ్గరే ఉన్న ఆ కొద్ది నిమిషాలకు.

కొన్నేళ్ల కిందట ఆఫీసు పని మీద అమృత్‌సర్ వెళ్లినప్పుడు ఒక పూట సెలవు పెట్టి అసల్ ఉత్తర్ వెళ్లాను. రోడ్డు పక్కన ఆయన సమాధి, చుట్టూ చదునైన పొలాలు. ఎక్కడా మిట్ట లేదు, రాయి లేదు. పైరు తప్ప దాక్కోవడానికి ఏమీ లేని ఆ నేల చూశాక, జీపు తోలి పక్కకు తిప్పడం అంటే ఏమిటో అర్థమైంది. చాలాసేపు మాట రాలేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి ఇంకో కారణముంది. ఈ స్వర్ణోత్సవంలో మన సంఘం కొందరిని సత్కరిస్తోంది. ప్రశంసాపత్రాలు రాసే పని నాకు పడింది. వాళ్లలో మన బడి అటెండరు ఒకరు, స్టోర్ రూము తాళాలు మోసినాయన. మొదటి చిత్తులో సేవామూర్తి, త్యాగధనుడు అని రాసి, చదువుకుని, కొట్టేశాను. 1990 మే తుఫానులో ఆఫీసు గది పైకప్పు ఎగిరిపోయిన రాత్రి, ఆయన అడ్మిషన్ రిజిస్టర్లన్నీ దుప్పటిలో మూటగట్టి ఇంటికి మోసుకెళ్లి, తర్వాత వారం రోజులు ఒక్కో కాగితం ఆరబెట్టారు. మనలో ఎందరి పుట్టినతేదీలో ఆ కాగితాల వల్ల బతికాయి. ఇప్పుడు పత్రంలో అదే ఉంది, రాత్రి, దుప్పటి, వారం రోజులు. ఇంకేమీ కలపలేదు.

మాస్టారూ, హోంవర్కు ఆలస్యమైంది, క్షమించండి. స్టీలు గ్లాసును ఈసారి జూబ్లీకి తెస్తున్నాను. బడి ల్యాబులో ఉంచమని ఇస్తాను. బెలూను ప్రయోగం చేసేటప్పుడు పిల్లలకు ఈ సరిదిద్దిన కథ చెప్పమని సైన్స్ ఉపాధ్యాయులను అడుగుతాను.