అవెస్తా గ్రంథమునకై ఆంకెతీల్ ద్యుపెరాన్ విద్యాయాత్ర

నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకులోయను తమ నడుమ దాచుకొనియున్న తూర్పుకనుమలకును, తూర్పున నున్న సముద్రమునకును మధ్య సన్నని మైదానమొకటి కలదు. కళింగమునుండి దక్షిణాపథమునకు పోవు బాట అనాదిగా ఆ నేలమీదుగనే సాగుచున్నది. 1757వ సంవత్సరమున ఇరువదియైదేండ్ల ఫ్రెంచి యువకుడొకడు ఆ బాటను దక్షిణమునకు ప్రయాణించెను. అతడు వర్తకుడు కాడు, మతబోధకుడును కాడు. పేరునకు కంపెనీ కొలువున నున్నను అతని మనస్సు యుద్ధముపై లేదు. ఐరోపాలో ఎవ్వరును చదువజాలకపోయిన యొక గ్రంథమును చదువవలెనను పట్టుదలయే అతనిని ఈ దేశమునకు రప్పించెను. ఆ గ్రంథము అవెస్తా. ఆ యువకుడు అబ్రహాం యాసింత్ ఆంకెతీల్ ద్యుపెరాన్.

ఇతడు 1731 డిసెంబరు 7వ తేదీన పారిస్ నగరమున సుగంధద్రవ్యముల వ్యాపారి యింట జన్మించెను. చరిత్రకారుడుగా పేరొందిన లూయీ పియేర్ ఆంకెతీల్ ఇతని సోదరుడు. మతాచార్యపదవికై వేదాంతవిద్య నభ్యసించుచు హీబ్రూ భాషను, పిదప హాలెండు దేశమున అరబ్బీ పారసీభాషలను నేర్చెను. ఆచార్యపదవిపై మక్కువ లేకపోవుటచే పారిస్ చేరి రాజగ్రంథాలయమున ప్రాచ్యలిఖితములను పరిశీలించుచు కాలము గడుపుచుండగా, 1754లో నాలుగు పత్రముల ప్రతిరూపమొకటి అతని కంటబడెను. అవి ఆక్స్‌ఫర్డు గ్రంథాలయమునందలి వెందీదాదు లిఖితప్రతినుండి తీసినవి. ఆ లిపిని చదువగలవారు ఐరోపాలో లేకుండిరి. దానిని చదువువారు జరథుష్ట్రుని అనుయాయులైన పారసీకులు. వారు భారతదేశమున నున్నారు. కావున అచటికే పోవలెనని అతడు నిశ్చయించుకొనెను. ప్రభుత్వసహాయము వచ్చువరకు నిరీక్షించు ఓపిక లేక ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ సైన్యమున సామాన్యసైనికుడుగా చేరెను. ఓడ కదలకముందే రాజు అతనికి కొలదిపాటి భృతి నేర్పరచెను. 1755 ఆగస్టు 10వ తేదీన అతడు పుదుచ్చేరి చేరెను.

పుదుచ్చేరిలో పారసీభాషను గట్టిపరచుకొని చందర్‌నగరమునకు పోయెను. అచట తీవ్రరోగపీడితుడయ్యెను. కాశికి పోయి సంస్కృతము నేర్వవలెనను కోరికయు అతనికుండెను గాని అది నెరవేరలేదు. 1757 మార్చిలో ఆంగ్లేయులు చందర్‌నగరమును పట్టుకొనిరి. ఆశ్రయము తొలగిపోగా అతడు వంగదేశమునుండి పుదుచ్చేరికి సుమారు నూరు దినముల భూమార్గప్రయాణమునకు పూనుకొనెను.

గంజాంనుండి మచిలీపట్టణము వరకుగల ఉత్తరసర్కారులు అప్పటికి ఫ్రెంచివారి యధీనమున నుండెను. ఆ సంవత్సరము జనవరిలోనే బొబ్బిలికోట నెత్తుటిలో మునిగెను. జూనులో బుస్సీ ఆంగ్లేయుల చేతినుండి విశాఖపట్టణమును తీసికొనెను. ఇట్టి అలజడి నడుమ ఎడమవైపున సముద్రమును, కుడివైపున కొండలను ఉంచుకొని ఆ విద్యార్థి నడచిపోయెను. గదబలు, పోరజలు, కొండదొరలు, బగతలు, వాల్మీకులు మున్నగు గిరిజనులు ఆ కొండలలో తమ దేవతలను కొలుచుచుండిరి. దిసారి నోటినుండియే ముహూర్తమును విధియును వినుచు, చైత్రమున ఇటుకల పండుగ జరుపుకొనుచు తరతరములుగా నిలుపుకొనిన ధర్మము వారిది. ఆ ధర్మమునకు గ్రంథము లేదు. గ్రంథము లేనిచో మతమును గుర్తింపజాలని కాలమది. అందుచే ఆ బాటను పోయిన పండితులెవ్వరును ఆ కొండలవైపు చూడలేదు, ఇతడును చూడలేదు.

పుదుచ్చేరినుండి మాహే మీదుగా బయలుదేరి, దారిలో ఎల్లోరా గుహలను దర్శించి, 1758 వసంతాంతమున ఆంకెతీల్ సూరతు చేరెను. ఇరాను అరబ్బుల వశమైన పిదప పారసీకులు గుజరాతు తీరమునకు వచ్చి సంజానులో స్థిరపడి, అచటినుండి నవసారి, సూరతు, భరూచులకు వ్యాపించిరి. వారి ఋత్విక్కులు అవెస్తాను తప్పులేకుండ కంఠస్థము చేయుదురు గాని దాని అర్థమునకు పహ్లవీ వ్యాఖ్యానమే వారికి ఆధారము. ఆ వ్యాఖ్యానజ్ఞానము సన్నగిలుచుండగా 18వ శతాబ్ది పూర్వభాగమున ఇరానునందలి కిర్మానునుండి జామాస్ప్ అను దస్తూరు వచ్చి కొందరికి విద్య నేర్పెను. ఆయన శిష్యులలో నొకడు సూరతు వాసియగు దస్తూరు దారాబు. అతడే ఆంకెతీల్‌కు గురువయ్యెను.

ఈ గురుశిష్యసంబంధము నిర్మలమైనది కాదు. పవిత్రవాక్కును పరులకిచ్చుటకు గురువు జంకెను. మొదట అసంపూర్ణమైన ప్రతిని చేతబెట్టెను. దారాబుకు ప్రతిపక్షియైన వేరొక పారసీకునినుండి డచ్చివారి మూలమున మఱియొక ప్రతిని సంపాదించి, రెంటిని పోల్చి శిష్యుడు ఆ లోపమును బయటపెట్టెను. అంతట గురువు పూర్తిగా బోధింపక తప్పలేదు. శిష్యుడును ఉతావళి గలవాడే. 1760లో అతడు మాఱువేషమున అగ్న్యాలయమున ప్రవేశించి, పరులకు నిషిద్ధమైన పవిత్రాగ్నిని చూచివచ్చినట్లు తానే వ్రాసికొనెను. స్వదేశీయునితో ద్వంద్వయుద్ధము చేసి అతని మరణమునకు కారణమయ్యెను. విద్యాదాహము ఎంత గొప్పదైనను వినయమునకు బదులు కాజాలదు. అయినను మూడేండ్లలో అతడు సాధించినది అల్పము కాదు. వెందీదాదు అనువాదమును పూర్తిచేసెను, ఇతరభాగములను చదివెను, పారసీకుల నిత్యకర్మలను, వివాహమరణాది సంస్కారములను స్వయముగా చూచి వివరముగా వ్రాసికొనెను.

1761లో ఆంగ్లేయుల ఓడలో బయలుదేరి ఇంగ్లండు చేరెను. ఆక్స్‌ఫర్డు లిఖితప్రతిని తన ప్రతులతో పోల్చుకొనిన పిదపనే స్వదేశమునకు పోయెను. 1762 మార్చిలో నూటయెనుబది లిఖితప్రతులను పారిస్ రాజగ్రంథాలయమునకు సమర్పించెను. 1771లో జెంద్ అవెస్తా మూడు సంపుటములుగా వెలువడెను. ఐరోపా భాషలలో అవెస్తాకు అది తొలి అనువాదము.

సత్కారమునకు బదులు తిరస్కారమెదురయ్యెను. ఇరువదియైదేండ్ల విలియం జోన్సు ఫ్రెంచిభాషలో ఒక లేఖను ప్రకటించి, ఇట్టి శుష్కమైన గ్రంథము జరథుష్ట్రుని వంటి జ్ఞానిది కానేరదని ఎగతాళి చేసెను. దస్తూరులు అతనిని మోసగించిరని కొందరు తలచిరి. విధి విచిత్రమైనది. అదే జోన్సు కలకత్తాలో సంస్కృతము నేర్చిన పిదప, 1789లో ఆంకెతీల్ ప్రకటించిన జెంద్ పదకోశమును చూచి, అందలి పదములలో పదింట ఆరేడు సంస్కృతపదములే యని గుర్తించి ఆశ్చర్యపడెను.

నింద పూర్తిగా తొలగుటకు మఱికొంతకాలము పట్టెను. 1826లో డేన్మార్కు పండితుడు రాస్మస్ రాస్క్ ఆ భాష ప్రాచీనమైనదే యనియు, సంస్కృతమునకు తోబుట్టువే గాని దానికి వికృతి కాదనియు నిరూపించెను. 1833లో యూజీన్ బర్నూఫ్ యస్నభాగమునకు వ్యాఖ్యానము ప్రారంభించెను. అతని చేతికందిన ముఖ్యసాధనము పారసీక పురోహితుడు నెర్యోసంఘుడు కొన్ని శతాబ్దులకు పూర్వమే చేసిన యస్నసంస్కృతానువాదము. ఆ లిఖితప్రతి పారిస్ చేరినది ఆంకెతీల్ మూలముననే. అహుర మజ్దా నామమును స్వామి మహాజ్ఞానిగా అనువదించిన ఆ పురోహితుని సంస్కృతము పాణినీయదృష్టికి దోషభూయిష్ఠముగా తోచవచ్చును. అయినను మఱుగుపడిన యొక భాషకు తలుపు తెరచిన తాళపుచెవి అదియే. వేదముతో పరిచయమున్నవారికి ఆ బాంధవ్యమును వేఱుగా చెప్పనక్కఱలేదు. యజ్ఞము అచట యస్న, సోమము హఓమ, మిత్రుడు మిథ్ర, హోత జఓతర్, అథర్వన్ శబ్దము ఆథ్రవన్, సప్త హప్త. అసురశబ్దము ఋగ్వేదమున వరుణాదులకు విశేషణమైనట్లే అచట పరమేశ్వరవాచకమైనది. దేవశబ్దమో దుష్టశక్తులకు పేరైనది. ఒకే కుదుటినుండి మొలిచిన రెండు చెట్లు ఎట్లు వేఱుదిక్కులకు కొమ్మలు చాచెనో ఈ శబ్దములే తెలుపుచున్నవి.

ఆంకెతీల్ కృషి అవెస్తాతో ముగియలేదు. 1778లో ప్రకటించిన గ్రంథమున ప్రాచ్యదేశములలో రాజు ఇచ్ఛయే శాసనమనియు, ప్రజలకు ఆస్తిహక్కు లేదనియు చెప్పెడి ఐరోపావాదమును అతడు ఖండించెను. తెలుగుభాషలో పండితుడై తెలుగు నిఘంటువును కూర్చిన జెసూటు కూర్దూ, సంస్కృతమునకు గ్రీకు లాటిను భాషలతోగల సామ్యమును 1767 ప్రాంతముననే పారిస్ పండితపరిషత్తునకు వ్రాసి పంపెను. ఆంకెతీల్ చేతికి వచ్చిన ఆ వ్యాసము 1808 వరకు అచ్చుకాలేదు. కీర్తి ఈలోపుననే జోన్సు పాలయ్యెను. ఈ ఆలస్యమున ఆంకెతీల్‌కును భాగము కలదు.

దారా షికో 1657లో పారసీలోనికి అనువదింపజేసిన ఏబది ఉపనిషత్తుల ప్రతి, అవధునందలి ఫ్రెంచి ప్రతినిధి జెంతీ మూలమున 1775లో ఆంకెతీల్‌కు అందెను. దానిని లాటినులోనికి మార్చి 1801, 1802 సంవత్సరములలో ఔప్నేఖత్ అను పేర రెండు సంపుటములుగా ప్రకటించెను. షోపెన్‌హౌవర్ జీవితాంతము ఆరాధించిన గ్రంథమదియే. సంస్కృతమెఱుగని వాని మూలమున, పారసీ మీదుగా, లాటినుభాషలో ఉపనిషత్తులు ఐరోపా చేరుట విశేషము.

ఫ్రెంచివిప్లవకాలమున అతడు లోకమునకు దూరముగా పుస్తకముల నడుమ జీవించెను. రొట్టె, జున్ను, పాలు, బావినీరు అతని యాహారము. చలికాలమునను గదిలో నిప్పు లేదు. తన జీవితము ఋషుల జీవితమునకు దగ్గఱగా నున్నదని భావించి ఉపనిషదనువాదమున భారతీయపండితులను ఉద్దేశించి వ్రాసికొనెను. 1804లో నెపోలియనునకు విధేయతాప్రమాణము చేయనొల్లక పండితపరిషత్తును విడిచెను. 1805 జనవరి 17వ తేదీన పారిస్‌లో మరణించెను.

ఆంకెతీల్ అనువాదము నేడు ప్రమాణము కాదు. కాని అవెస్తా మృతగ్రంథము కాదనియు, దానిని నిత్యమును ఉచ్చరించు జనమొకటి కలదనియు, వారివద్ద కూర్చుండి నేర్వవలెననియు తెలిసికొనిన ఐరోపీయుడతడు. 2011 జనగణనలో భారతదేశమునందలి పారసీకులు 57,264 మంది మాత్రమే. సంఖ్య తగ్గుచున్నను అగ్ని ఆఱలేదు. తెలుగునేలపైనను 1847లో ప్రతిష్ఠితమైన సికింద్రాబాదు అగ్న్యాలయమున ఋత్విక్కులు చందనకాష్ఠములతో ఆ అగ్నిని నిలుపుచున్నారు. వ్రాతకు ఎక్కకముందు అవెస్తాయును అనేకశతాబ్దులు నోటనే నిలిచినది. ఆ దృష్టితో చూచినచో, 1757లో ఆ యువకుని కుడివైపున నిలిచిన కొండలలోని దిసారియును, సూరతులోని దస్తూరును ఒకే పని చేయువారు. గ్రంథమునకై ఏడు సముద్రములు దాటివచ్చినవానికి అది తెలియలేదు. గ్రంథములు చేతనున్న నేటివారు తెలిసికొనవలసినది అదియే.