వేకువ పేరిటి విహారశాల

స్విట్జర్లాండులోని డావోస్ పట్టణమున 1889 జనవరి 19వ తేదీన సోఫీ టాయ్బర్ జన్మించెను. పసితనమునందే తండ్రి క్షయవ్యాధిచే మరణింపగా, తల్లి బసగృహము నడపి పిల్లలను పెంచెను. సోఫీ అద్దకమును, అల్లికపనిని, కొయ్యపనిని నేర్చి, 1916లో జ్యూరిచ్ నగరపు కళాపాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరెను. భర్త హాన్స్ ఆర్ప్ శిల్పి, కవి. కాని యింటికి నిలుకడగా వచ్చు ధనము ఆమె జీతమే. పగలు బడిలో కుట్టుపని నేర్పు నీమెయే డాడా కళాకారుల వేదికపై ముసుగు ధరించి నర్తించెను. పాఠశాల పెద్దల కంటబడకుండుటకే ఆ ముసుగని చెప్పుదురు.

స్ట్రాస్‌బర్గ్ నగర మధ్యమున ఓబెట్ అను 18వ శతాబ్దపు భవనము గలదు. ఒకప్పుడు సైనికులకు తెల్లవారుజామున ఆజ్ఞలు అక్కడ నిచ్చెడివారు. ఫ్రెంచి భాషలో ఓబ్ అనగా వేకువ. దానిని హార్న్ సోదరులు భోజనశాలలు, మద్యశాలలు, నాట్యశాలలు గల రాత్రివిహారముగా మార్చదలచి, 1926లో లోపలి అలంకరణను సోఫీకి అప్పగించిరి. పని పెద్దది. ఆ దంపతులు డచ్చి చిత్రకారుడైన వాన్ డూస్‌బర్గ్‌ను తోడు పిలిచిరి. నేలమాళిగలోని నాట్యశాలను ఆర్ప్ మెలికలు తిరిగిన ఆకారములతో నింపెను. మేడమీది సినిమా నాట్యశాలలో డూస్‌బర్గ్ రంగుపలకలను ఏటవాలుగా నిలిపెను. సోఫీ తేనీటి గదిని, మద్యశాలలను చేపట్టి, నిలువు, అడ్డము గీతల నడుమ దీర్ఘచతురస్రములను పేర్చెను. దిండుపై కుట్టిన కూర్పునే ఆమె గోడపైనను, గాజుకిటికీయందును పెంచి చూపెను. ఆమెకు కుట్టుపని చిన్నదియు, చిత్రలేఖనము గొప్పదియు కాదు. విమర్శకులు మాత్రము చాలకాలము ఆ తేడానే పట్టుకొని, ఓబెట్ కీర్తిని డూస్‌బర్గ్‌కే కట్టబెట్టిరి. ఇది అన్యాయమని నా తలంపు.

1928 ఫిబ్రవరిలో ద్వారములు తెరువబడెను. వచ్చినవారికి ఆ కొత్తదనము రుచింపలేదు. మెత్తని ఆసనములు, పాతకాలపు నగిషీలు కావలసి వచ్చెను. యజమానులు మార్పులు చేయసాగిరి. 1938 నాటికి రంగులన్నియు మరుగుపడెను.

ఓబెట్ పనికి ముట్టిన ధనముతో పారిస్ చెంత క్లామార్‌లో, ఆమె స్వయముగా రూపొందించిన యిల్లు లేచెను. 1929లో ఉద్యోగము విడిచి అచటనే చిత్రములు వ్రాసెను. 1940లో జర్మను సేనలు రాగా ఆ యింటిని వదలి దక్షిణమునకు, తరువాత స్వదేశమునకు పోవలసి వచ్చెను. 1943 జనవరి 13వ తేదీ రాత్రి, జ్యూరిచ్‌లో మిత్రుని యింట నిదురించుచుండగా, గదిలోని పొయ్యి విషవాయువుచే మరణించెను. యాబదినాలుగేండ్లు నిండుటకు ఆరు దినములే కొరవ.

1995లో స్విట్జర్లాండు ఏబది ఫ్రాంకుల నోటుపై ఆమె ముఖమును ముద్రించెను. ఓబెట్ మేడమీది గదులను కప్పులు తొలగించి 2006 నాటికి బాగుచేసిరి. ఆమె తీర్చిన మద్యశాల ఒకటి అందు తిరిగి వెలుగు చూచెను. క్రింది అంతస్తులోని తేనీటి గది మాత్రము దక్కలేదు.