కురుమాన్‌లో మొఫాట్ నేర్చిన భాష

పిల్లలకు పాఠం ఎందుకు ఎక్కడం లేదని ఉపాధ్యాయులం, తల్లిదండ్రులం మనం తరచూ మాట్లాడుకుంటాం. లోపం పిల్లవాడిలో ఉందా, చెప్పే భాషలో ఉందా అన్నది మాత్రం చివర్లో గుర్తొస్తుంది. రాబర్ట్ మొఫాట్‌కు అది తెలిసిరావడానికి ఏళ్లు పట్టింది.

ఆయన 1795లో స్కాట్లాండ్‌లోని ఆర్మిస్టన్‌లో పుట్టారు. పెద్ద చదువులు లేవు, తోటపనే బతుకుతెరువు. లండన్ మిషనరీ సొసైటీ పంపగా 1817లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఓడ దిగారు. మన సి.పి. బ్రౌన్ మద్రాసు చేరిందీ ఆ ఏడాదే. 1819లో మేరీ స్మిత్‌ను పెళ్లాడారు. ఆ తర్వాత ఎడ్ల బండ్ల మీద దూరప్రయాణం చేసి, దంపతులిద్దరూ కురుమాన్ నది ప్రాంతంలో సెట్స్వానా మాట్లాడే త్లాపింగ్ ప్రజల మధ్య కాపురం పెట్టారు.

అక్కడి తొలి ఏళ్లు గడ్డుగా నడిచాయి. వానలు పడకపోతే నింద ఈ కొత్తవాళ్ల మీద పడింది. వెళ్లిపొమ్మని కూడా అన్నారు. వీళ్లు కదల్లేదు. 1824లో ఊటనీరు అందే చోటికి మారి, కాలువ తవ్వి తోట వేశారు. నేర్చిన తోటపని అలా అక్కరకొచ్చింది.

కానీ బోధన సాగలేదు. మొఫాట్ డచ్చిలో చెబితే దుబాసీ సెట్స్వానాలో చెప్పేవాడు. మధ్యలో అర్థం మారిపోయినా పట్టుకునే దారి లేదు. చివరకు 1827లో ఆయన ఇల్లు వదిలి, డచ్చి వినపడని చోట బరొలాంగ్ ప్రజల మధ్య కొన్ని వారాలు ఉన్నారు. బోధించడానికి వచ్చిన మనిషి అక్కడ విద్యార్థి అయ్యారు. తిరిగొచ్చాక దుబాసీతో పనిలేకపోయింది. 1829లో తొలి బాప్తిస్మాలు జరిగాయి.

లూకా సువార్తను సెట్స్వానాలోకి తెచ్చి, అచ్చు వేయించడానికి 1830లో కేప్‌టౌన్ వెళ్లారు. అక్కడ ఆ పని చేసిపెట్టే మనుషులు దొరకలేదు. సహచరుడు ఎడ్వర్డ్స్‌తో కలిసి తానే అచ్చుపని నేర్చుకుని అక్షరాలు కూర్చారు. మరుసటి ఏడాది ముద్రణ యంత్రాన్ని కురుమాన్‌కు తెచ్చారు. బడి పిల్లల వాచకాలూ దాని మీదే అచ్చయ్యాయి. 1857 నాటికి బైబిలంతా సెట్స్వానాలో అందింది.

అయితే ఆయన భాష నేర్చినంతగా ఆ ప్రజల నమ్మకాలను గౌరవించలేదు. పూర్వీకుల ఆత్మలను సెట్స్వానాలో బదిమో అంటారు. ఆపదలో కాపాడమని తలుచుకునే పెద్దలు వాళ్లు. మొఫాట్ తన అనువాదంలో దయ్యాలకు ఆ మాటే వాడారు. అది చదివిన పిల్లలకు సొంత తాతముత్తాతలే దయ్యాలుగా కనిపించారు. బోట్స్వానా పండితురాలు మూసా డూబే ఈ సంగతిని మన కాలంలో ఎత్తిచూపారు.

యాభై ఏళ్లకు పైగా ఆఫ్రికాలో గడిపి 1870లో ఇంగ్లండ్ తిరిగి వెళ్లిన మొఫాట్, 1883లో కన్నుమూశారు. డేవిడ్ లివింగ్‌స్టన్ మామగా ఆయన పేరు ఎక్కువమందికి తెలుసు. మనం గుర్తుంచుకోవలసింది ఆ కొన్ని వారాలను, ఆ ఒక్క మాటను కూడా. వాచకంలో పిల్లల భాష ఉంటే చాలదు. ఆ భాషలో వాళ్ల ఇంటి పెద్దలను ఏమని పిలిచామో కూడా మనం చూసుకోవాలి.