చాకిరేవు దాటిన ఐలమ్మ

చిట్యాల ఐలమ్మ ఇంటిపేరును లోకం మరచింది, కులం పేరును మాత్రం మరువలేదు. 1895లో వరంగల్ ప్రాంతపు కృష్ణాపురంలో పుట్టి పాలకుర్తి కోడలైన ఆమెకు నాటి గ్రామవ్యవస్థ కేటాయించిన పని బట్టలుతకడం, దొరలకైతే వెట్టిగానే. ఆమె ఆ చాకిరేవు దాటి మల్లంపల్లి దొర భూమిని కౌలుకు పట్టి సాగుచేసింది. వేలాది ఎకరాల విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి నాలుగెకరాలు ఏపాటివి? చాకలి స్త్రీ రైతు కావడమే ఆయనకు కంటగింపు.

కేసులు కుటుంబాన్ని చుట్టుముట్టాయి. భూవివాదంలో తీర్పు ఐలమ్మకు అనుకూలంగా వచ్చింది. అయినా దేశ్‌ముఖ్ మనుషులు కోతకు దిగారు. ఆంధ్రమహాసభ కార్యకర్తలు వారిని తరిమి, పంట కోసి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగడానికి ముందటి ఘట్టమిది.

తర్వాత ఇల్లు తగలబడింది, కూతురిపై అఘాయిత్యం జరిగింది. ఐలమ్మ సంఘాన్ని వదల్లేదు, దొర గడీకి వెళ్లి తలవంచలేదు. విగ్రహాలలో మనం ఆమెను ఆగ్రహమూర్తిగా నిలుపుకున్నాం. నాకు మాత్రం ఆమె నిబ్బరమే పెద్దదిగా తోస్తుంది. సర్వం పోయే వేళ లొంగుబాటు ఎంత సులభమో వెట్టి ఎరిగిన కులాలకు వేరే చెప్పాలా?

1985 సెప్టెంబర్ 10న ఐలమ్మ కన్నుమూసింది. 2024లో హైదరాబాద్ కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. ఒకనాడు ఏవగింపుతో పలికిన ‘చాకలి’ అన్న మాట ఇప్పుడు పట్టాలపై అచ్చవుతున్నది.