సవర పాటకు చెవి యొగ్గిన పంతులు

1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరేనాటికి గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు నూనూగు మీసాల పడుచువాడు. శ్రీకాకుళం దాపున పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించి, విజయనగరంలో గురజాడ అప్పారావుగారితో కలిసి చదివి, మెట్రిక్యులేషను కాగానే బడిపంతులైనారు. ఆ ఊరిచుట్టూ కొండలు, కొండలమీద సవరలు. వారు పల్లానికి దిగివచ్చినప్పుడు వారి మాట ఊరివారి చెవిని పడేదే గాని మనసున కెక్కేది కాదు.

సవరకు అప్పటికి లిపి లేదు, గ్రంథం లేదు. తెలుగుకు చుట్టమైనా కాదు. సంతాలీ, ముండారీల కుదురులోనిది. చదవడానికి పుస్తకమే లేని వాఙ్మయాన్ని చదవడ మెట్లా? తెలుగు తెలిసిన సవర నొకరిని ఇంట పెట్టుకొని పంతులుగారు మొదట మాట నేర్చినారు. పిమ్మట కొండ లెక్కి పాటలూ, కథలూ వ్రాసుకొన్నారు. మన్యపు జ్వరం పట్టుకొన్నది. దానికి పుచ్చుకొన్న క్వినైను వల్ల చెవుడు వచ్చినది. చెవితో చదువవలసిన సాహిత్యం కోసం తిరిగినవారికి చెవులే పోవడం విధి చేసిన పరిహాసం కాబోలు!

ఆ భాష పోకడ విచిత్రమైనది. నిన్ను, కడుపులో, కత్తితో పొడవడం అనే ఇంత భావమూ ఒక్క క్రియాపదంలో ఇమిడిపోగలదు. తెలుగులో విడదీసి చెబితే అర్థం దక్కుతుంది, బిగువు దక్కదు. చనిపోయినవారు పూజారిణి నోట పలికి తమవారితో ముచ్చటించడం సవరల ఆచారం. అది ఎరుగని పాఠకుడికి వారి కథ వట్టి దయ్యాల కథ. మన అలంకారశాస్త్రం చేతబట్టుకొని ఆ పాటలను తూచబోవడం గజంబద్దతో నీళ్లు కొలవడమే.

పంతులుగారు సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు నడిపినారు; వారి భాషలోనే, తెలుగు అక్షరాలతో, వాచకాలు కూర్చినారు. నర్సీపట్నం వంటి మన్యపు వాకిళ్లలో పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఈ చిక్కు కొత్తది కాదు. ఇంట కువీ పలికే బిడ్డ బడిలో తెలుగు పద్యం ముందు మూగవోతుంది. బిడ్డకు బుద్ధి లేక కాదు, వాకిలి తెరిచేవారు లేక.

వ్యావహారిక భాషోద్యమ నాయకులుగానే లోకం వారిని ఎక్కువగా ఎరుగును. అయితే 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టడానికి ఎన్నో ఏండ్ల ముందే వారు సవరల నోట భాష విన్నవారు. నోటిమాటకూ వ్యాకరణం ఉన్నదని కొండమీద తెలుసుకొన్నవారు, పల్లంలోని తెలుగువాడి మాటను తప్పని ఎట్లా ఒప్పుకొంటారు?

సవర భాషావ్యాకరణం 1931లో అచ్చయినది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరడంతో పంతులుగారు అర్ధశతాబ్దికి పైగా ఉన్న ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరినారు. సవర-ఇంగ్లీషు కోశం 1938లో వెలువడేనాటికి ఆ కొండలు వారికి దూరమైనాయి. 1940 జనవరి 22న కన్నుమూసినారు.